మన బ్రౌజర్‌లో మనం రాసుకున్న స్క్రిప్టు: సొంత వీలా, నిబంధనకు గండా?

రేవు_గుమాస్తా

సభ్యులందరికీ నమస్కారం. విశాఖపట్నం పాత పోస్టాఫీసు దగ్గర ఓడ సరుకు పత్రాల పని చేసిపెట్టే ఒక క్లియరింగ్ ఏజెంటు కార్యాలయంలో ఆరేళ్లుగా డాక్యుమెంటేషన్ పని చూస్తున్నాను. రోజుకు నలభై నుంచి అరవై కంటైనర్ల వివరాలను ఒక వెబ్‌సైటు ఫారంలో నింపడం నా బాధ్యత. ఆ సైటు ఎవరిదన్నది ఇక్కడ అనవసరం. ఒక్కొక్క కంటైనర్‌కు పదకొండు గడులుంటాయి. ఒకే ఓడలో వెళ్లే సరుకైతే వాటిలో ఏడు గడులు మారనే మారవు. అయినా ప్రతిసారీ డ్రాప్‌డౌన్ తెరిచి, కిందికి జరిపి, అదే ఓడనూ అదే రేవునూ మళ్లీ ఎంచుకోవలసిందే.

నిరుడు సెలవుల్లో, వెబ్ పేజీల్లో నడిచే ప్రోగ్రామింగ్ భాష అయిన జావాస్క్రిప్టును కొంత నేర్చుకుని ఒక బుక్‌మార్క్‌లెట్ రాసుకున్నాను. తెలియనివారి కోసం చెబుతున్నాను: అది బుక్‌మార్కే, కాకపోతే అందులో వెబ్ చిరునామాకు బదులు నలభై వరుసల చిన్న ప్రోగ్రాం ఉంటుంది. నొక్కగానే ఒక పెట్టె తెరుచుకుంటుంది. ఎక్సెల్ షీటులోని వరుసను అందులో అతికిస్తే ఫారంలోని గడులు నిండుతాయి. సబ్మిట్ బటన్ మాత్రం ఒకసారి చూసుకుని నేనే నొక్కుతాను. మూడున్నర గంటల పని గంటంపావుకు దిగింది.

పోయిన వారం మా సిస్టమ్స్ చూసే ఆయన దీన్ని గమనించి వెంటనే తీసేయమన్నారు. సైటు వాళ్లు ఇవ్వని బటన్‌ను మనం పెట్టుకోవడం దొంగ తాళం చేయించుకోవడంతో సమానమని ఆయన వాదన. నా వేళ్లు చేసే పనినే నా కంప్యూటర్‌లో, నా లాగిన్‌తో, నా కళ్లెదుట ఒక స్క్రిప్టు చేస్తే అందులో తప్పు ఎక్కడుందో నాకు అర్థం కావడం లేదు. అనుభవజ్ఞులు చెప్పగలరు.

రుషికొండ_కాపలా

మీ సిస్టమ్స్ ఆయన చెప్పిన పోలిక తప్పు కావచ్చు గానీ, ఆయన భయం మాత్రం తప్పు కాదు. నేనూ అదే వృత్తిలో ఉన్నాను కనుక ఆ భయం ఎక్కడి నుంచి వస్తుందో చెబుతాను.

మీరు లాగిన్ అయిన పేజీలో నడిచే స్క్రిప్టు ఏం చేసినా, అవతలి సర్వరుకు అది మీరు చేసినట్టే కనిపిస్తుంది. మీరెవరో సర్వరుకు చెప్పే గుర్తు, అంటే సెషన్ కుకీ, వెంట వెళ్తుంది, మీ పేరుతోనే లాగ్‌లో నమోదవుతుంది. అంటే స్క్రిప్టు పొరపాటు మీ పొరపాటు అవుతుంది. స్క్రిప్టు దొంగతనం మీ దొంగతనం అవుతుంది. మీరు రాసుకున్న నలభై వరుసల గురించి నాకు బెంగ లేదు. మీ పక్క బల్ల మిత్రుడు దాన్ని చూసి, "ఇలాంటిదే నాకూ కావాలి" అని వాట్సాప్‌లో ఎవరో పంపిన నాలుగు వందల వరుసలను చదవకుండా అతికించే రోజు గురించి నాకు బెంగ. ఫేస్‌బుక్ తన పేజీలో డెవలపర్ కన్సోల్ (పేజీలో కోడు అతికించి నడిపే చోటు) తెరిచినవారికి పెద్ద ఎర్రని అక్షరాలతో ఆగమని హెచ్చరిక చూపించేది ఇందుకే. అడ్రస్ బార్‌లో జావాస్క్రిప్టును అతికిస్తే, అది నడవకుండా దాని మొదట ఉండే "జావాస్క్రిప్ట్:" అన్న మాటను బ్రౌజర్లు చెరిపేసేదీ ఇందుకే.

ఇది కేవలం అనుమానం కాదు. పేజీలను వాడుకరి తనకు నచ్చినట్టు మార్చుకునే యూజర్‌స్క్రిప్టులకు ఆద్యమైన గ్రీజ్‌మంకీ అనే ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు చేర్చుకునే అదనపు ప్రోగ్రాం)లోనే 2005 జులైలో ఒక పెద్ద లోపం బయటపడింది: స్క్రిప్టు నడుస్తున్న పేజీ తలచుకుంటే, ఆ స్క్రిప్టుకున్న అధికారాలను చేజిక్కించుకుని వాడుకరి కంప్యూటర్‌లోని ఫైళ్లను చదవగలిగేది. వాళ్లు హుటాహుటిన ఆ అధికారాలను కత్తిరించిన వెర్షన్‌ను విడుదల చేశారు. పేజీల రూపం మార్చే స్టైలిష్ అనే ఎక్స్‌టెన్షన్ చేతులు మారాక, వాడుకరులు చూసిన ప్రతి పేజీ చిరునామానూ సేకరిస్తున్నట్టు 2018లో తేలితే, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ దాన్ని తమ దుకాణాల నుంచి తొలగించాయి. ట్యాబులను నిద్రపుచ్చే గ్రేట్ సస్పెండర్‌దీ అదే కథ. యజమాని మారిన తరువాత 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని మాల్‌వేర్‌గా ప్రకటించి నిలిపివేసింది. లక్షలమంది నమ్మిన వాటి గతే అలా ఉంటే, నా కార్యాలయంలో ఎవరి బుక్‌మార్కులో ఏముందో నాకు తెలియకపోవడం నాకు నిద్ర పట్టనివ్వదు.

కంచరపాలెం_లెక్కలమాస్టారు

కాపలా గారూ, మీరు చెప్పిన చరిత్రలో ఒక్క తప్పు కూడా లేదు. అయితే అది ఊళ్లోవాళ్లు అమ్మిన మందు వికటించిన చరిత్ర. మన గుమాస్తా తమ్ముడు పెరట్లో తులసి ఆకు తెంపుకున్నాడు. ఆ రెండింటినీ ఒకే కేసు కింద రాయకండి.

బ్రౌజర్ అనేది మొదటినుంచీ చదువరి పక్షాన ఉండవలసిన పనిముట్టు. దాన్ని సాంకేతిక పత్రాల్లో "యూజర్ ఏజెంట్" అనే పిలుస్తారు, అంటే వాడుకరి తరఫు మనిషి అని అర్థం. నెట్‌స్కేప్ బ్రౌజర్‌లోకి జావాస్క్రిప్టు 1995లో వస్తే, మూడేళ్లు తిరగకుండా 1998లో స్టీవ్ కాంగస్ బుక్‌మార్క్‌లెట్ అనే పేరు పెట్టి అలాంటి చిట్కాలకు ఒక సైటే నడిపాడు. ఆరన్ బూడ్‌మన్ 2005లో గ్రీజ్‌మంకీ విడుదల చేశాడు. ఆయనే తరువాత గూగుల్‌లో క్రోమ్ ఎక్స్‌టెన్షన్ల పనిలో పాలుపంచుకున్నాడు. పేజీని వాడుకరి మార్చుకోవడం దొంగ దారి అయివుంటే, ఆ దారి వేసినవాడినే పిలిచి బ్రౌజర్‌కు తలుపులు బిగించమనేవారు కాదు.

మనకు దగ్గరి ఉదాహరణ ఒకటి ఉంది, ఇక్కడున్న కుర్రవాళ్లకు తెలియకపోవచ్చు. అన్ని కంప్యూటర్లకూ ఒకే అక్షర పద్ధతి అయిన యూనికోడ్ వ్యాపించకముందు తెలుగు పత్రికల సైట్లు ఒక్కొక్కటీ తమ సొంత ఫాంటును వాడేవి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో పేజీ తెరిస్తే సగం ఇంగ్లీషు అక్షరాలూ సగం కొక్కిరి గుర్తులూ కనిపించేవి. ఫాంటు ఉన్నా ఆ వార్తలో ఒక పేరు వెతకడానికి వీలుండేది కాదు. కాపీ చేసి ఉత్తరంలో పెడితే అవతలివారికి చెత్త కనిపించేది. అప్పుడు పద్మ అనే ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్ వచ్చి, ఆ పేజీలను వాడుకరి బ్రౌజర్‌లోనే యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపించింది. సైటు చూపించినదాన్ని చూపించినట్టే చూడాలన్న నియమం ఉంటే మనలో చాలామంది ఆ రోజుల్లో తెలుగు వార్త చదవగలిగేవారు కారు. దాన్ని వాడిన నాకు దొంగ తాళం తిప్పుతున్నానన్న ఆలోచన కూడా రాలేదు.

తమ్ముడూ, ఒక ప్రశ్న. నీ స్క్రిప్టు కంటైనర్ నంబరు సరిచూస్తుందా?

రేవు_గుమాస్తా

సరిచూస్తుంది మాస్టారూ. నిజానికి నేను దీన్ని మొదలుపెట్టిందే అందుకోసం. సైటు ఆ పని చేయదు; పదకొండు అక్షరాలుంటే చాలు, ఏది కొట్టినా తీసుకుంటుంది.

కంచరపాలెం_లెక్కలమాస్టారు

అయితే ఆ లెక్క ఇక్కడివారికి చూపించవలసిందే, ఎందుకంటే నా వాదనంతా అందులో ఉంది.

కంటైనర్ నంబరులో నాలుగు అక్షరాలు, ఆరు అంకెలు, చివర తప్పు పట్టడానికి చెక్ డిజిట్ అనే ఒక అంకె ఉంటాయి. సి ఎస్ క్యు యు 305438 అనే నంబరును తీసుకోండి. అక్షరాలకు ఎ అంటే 10 నుంచి మొదలుపెట్టి, 11 గుణిజాలైన 11, 22, 33లను వదిలేస్తూ విలువలు ఇస్తారు. అలా సి 13, ఎస్ 30, క్యు 28, యు 32 అవుతాయి. మొదటి స్థానాన్ని 1తో, రెండోదాన్ని 2తో, మూడోదాన్ని 4తో, ఇలా రెట్టింపు చేస్తూ పదో స్థానాన్ని 512తో గుణించి అన్నీ కూడితే 6185 వస్తుంది. దాన్ని 11తో భాగిస్తే శేషం 3. కాబట్టి ఆ కంటైనర్ తలుపు మీద చివర పెట్టె గీసి 3 అని రాసి ఉంటుంది. గుమాస్తా అలసిపోయి 305కు బదులు 350 అని కొట్టాడనుకోండి, మొత్తం 6025 అవుతుంది, శేషం 8 వస్తుంది, 3తో కలవదు, తప్పు అక్కడికక్కడే దొరికిపోతుంది.

ఎనిమిదో తరగతి పిల్లవాడు చేయగల లెక్క ఇది. సైటు చేయని ఈ సాయాన్ని తన కోసం తాను చేసుకున్న మనిషిని దొంగ తాళం అనడం నాకు బాధ కలిగించింది.

ఎంవీపీ_కిటికీ

మాస్టారు చెప్పిన చదువరి పక్షం గురించి నా మాట ఒకటి. మా అమ్మగారికి డెబ్బై నాలుగేళ్లు, కంటి మధ్యభాగంలో చూపు తగ్గింది. ఆవిడ రోజూ చదివే ఒక తెలుగు సైటులో అక్షరాలు చిన్నవి కావడం ఒక ఇబ్బంది, దాన్ని జూమ్ చేసి సరిపెట్టుకోవచ్చు. అసలు ఇబ్బంది వరుసల మధ్య ఎడం. ఆ పేజీని ఇంగ్లీషు అక్షరాల కొలతతో కట్టారు. ఇంగ్లీషుకు కింద వత్తులు ఉండవు కదా. "రాష్ట్రం" అన్న మాటలో కిందికి దిగిన వత్తులు రెండూ కింది వరుసలోని గుడి దీర్ఘాలకు తగులుకుని, ఆవిడకు అదంతా ఒక నల్ల మరకలా కనిపిస్తుంది. జూమ్ చేస్తే మరక కూడా పెద్దదవుతుంది, అంతే.

స్టైలస్ అనే ఎక్స్‌టెన్షన్‌లో మూడు వరుసలు రాశాను: వరుసల ఎడాన్ని రెట్టింపు చేశాను, బూడిద రంగు అక్షరాన్ని నలుపు చేశాను, పక్కన కదిలే పట్టీని దాచాను. ఆవిడ ఇప్పుడు ఎవరి సాయం లేకుండా చదువుకుంటారు. దీనికి నేను ఎవరి అనుమతి అడగాలో కాపలా గారు చెప్పాలి. ఆ సైటుకు రెండు ఉత్తరాలు రాశాను, జవాబు రాలేదు.

రుషికొండ_కాపలా

అమ్మగారి విషయంలో ఎవరి అనుమతీ అక్కరలేదు. మీ ఇల్లు, మీ కంప్యూటర్, రూపం మాత్రమే మార్చారు, ఏ సమాచారమూ బయటికి పోలేదు. నా అభ్యంతరం కార్యాలయం గురించి. అక్కడ కంప్యూటరూ మీది కాదు, అందులోని ఖాతాదారుల వివరాలూ మీవి కావు.

గోదావరి_బెర్తు

అందరూ చాలా మర్యాదగా మాట్లాడుకుంటున్నారు కనుక కాస్త చేదు మాట నేను చెబుతాను. "నా వేళ్లు చేసే పనినే స్క్రిప్టు చేస్తుంది" అన్న వాక్యాన్ని నేను ఇదివరకే విన్నాను. తత్కాల్ టికెట్లు అమ్ముకునే కుర్రాడు ఒకడు నాకు సరిగ్గా ఇదే మాట చెప్పాడు.

నేను నెలకు రెండుసార్లు విశాఖ నుంచి హైదరాబాదు వెళ్లే మనిషిని. స్లీపర్ తత్కాల్ పదకొండు గంటలకు తెరుచుకుంటుంది. నేను పేరు కొట్టి, వయసు కొట్టి, క్యాప్చా చదివేలోపు వెయిటింగ్ లిస్టు కనిపిస్తుంది. తత్కాల్ తెరుచుకున్న మొదటి అయిదు నిమిషాల్లో లాగిన్ ప్రయత్నాలలో సగం దాకా బాట్లవేనని, అంటే మనిషికి బదులు పనిచేసే ప్రోగ్రాములవేనని, 2025 జూన్‌లో రైల్వే శాఖే ప్రకటించింది. రెండున్నర కోట్ల యూజర్ ఐడీలను నిలిపివేశామని కూడా చెప్పింది. ఆ తరువాత జులై నుంచి ఆధార్‌తో ధ్రువీకరించిన ఖాతాలకే తత్కాల్ అన్నారు, ఆధార్ ఓటీపీ పెట్టారు, ఏజెంట్లను మొదటి అరగంట ఆపారు. ఇంత కట్టడి ఎందుకు వచ్చింది? ఎవరో మొదట "గడులు నింపే చిన్న చిట్కా" రాశారు కాబట్టి వచ్చింది. 2017 డిసెంబరులో ఇలాంటి సాఫ్ట్‌వేర్ రాసి ఏజెంట్లకు అద్దెకిచ్చాడన్న ఆరోపణపై సీబీఐ అరెస్టు చేసిన వ్యక్తి సాక్షాత్తూ సీబీఐలోనే ప్రోగ్రామర్. చిన్న స్క్రిప్టుకూ పెద్ద బాటుకూ మధ్య గోడ ఏదీ లేదు, మెట్లు మాత్రమే ఉన్నాయి.

రేవు_గుమాస్తా

అయ్యా, నా పనిలో క్యూ లేదు. ఓడకు కటాఫ్ సమయం ఉంటుంది. దానిలోపు ఎప్పుడు ఇచ్చినా ఒకటే. నేను ముందుగా నింపినందువల్ల ఎవరి కంటైనరూ వెనక్కి పోదు. మిగిలిన సమయంలో నేను బిల్లులు చూసుకుంటాను, అంతే.

గోదావరి_బెర్తు

అలాగైతే మీ మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ గీత ఎక్కడ గీయాలన్నది మీరు అడిగిన ప్రశ్నలో లేదు, అందుకే గుర్తుచేశాను. వేళ్లు చేసే పని అవునా కాదా అన్నది కొలత కాదు. దానివల్ల వరుసలో నిలబడ్డ మరొకరికి అందవలసినది అందకుండా పోతోందా అన్నది కొలత. ప్రయాణికుల పేర్లను ముందే దాచుకునే మాస్టర్ లిస్టును రైల్వే సైటే ఇచ్చింది. నేను దాన్ని వాడుకుంటాను, దానికి నాకు సిగ్గు లేదు.

జిల్లాకోర్టు_నల్లకోటు

చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు కనుక క్లుప్తంగా చెబుతాను. ఇది సాధారణ సమాచారమే తప్ప సలహా కాదు.

సమాచార సాంకేతిక చట్టం 2000లోని 43వ సెక్షన్, కంప్యూటర్ యజమాని గానీ దాని బాధ్యుడు గానీ అనుమతించకుండా అందులోకి ప్రవేశించడం, సమాచారాన్ని తీసుకోవడం, దాని పనికి ఆటంకం కలిగించడం వంటివాటికి నష్టపరిహారం చెల్లించాలంటుంది. అదే పనిని కపటంతో గానీ మోసంతో గానీ చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, అయిదు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. తనకు ఇచ్చిన లాగిన్‌తో తాను నింపవలసిన ఫారాన్నే నింపుతున్న ఉద్యోగికి 66 వర్తిస్తుందని నేననుకోను. 43 విషయంలో మాత్రం "అనుమతి" అన్న ఒక్క మాట మీద వాదన నడుస్తుంది. కార్యాలయ కంప్యూటర్‌కు బాధ్యుడైన వ్యక్తి వద్దని నోటితో చెప్పిన తరువాత పరిస్థితి, చెప్పకముందున్నట్టు ఉండదు. గుమాస్తా గారు దీన్ని గమనించాలి.

టికెట్ల మాటకొస్తే, దానికి వేరే చట్టమే ఉంది. రైల్వేల చట్టం 1989లోని 143వ సెక్షన్, అధికారం లేకుండా టికెట్లను సేకరించి సరఫరా చేసే వ్యాపారాన్ని శిక్షిస్తుంది. ఆ చట్టం వచ్చేనాటికి ఆన్‌లైన్ టికెట్లు లేవు కదా అన్న వాదనను సుప్రీంకోర్టు 2025 జనవరిలో తోసిపుచ్చింది. అక్కడ నేరం ఆ వ్యాపారానిదే; స్క్రిప్టు వాడారా, చేత్తో కొట్టారా అన్నది రెండో సంగతి.

పేజీని మన బ్రౌజర్‌లో మార్చుకోవడం సైటు యజమాని కాపీరైటును భంగపరుస్తుందా అన్న ప్రశ్న ఇతర దేశాల్లోనూ తెగలేదు. జర్మనీలో ఆక్సెల్ స్ప్రింగర్ అనే ప్రచురణ సంస్థ పేజీలో ప్రకటనలను దాచే యాడ్ బ్లాకర్ కంపెనీ ఒకదాని మీద వేసిన కేసులో, 2025 జులై 31న అక్కడి అత్యున్నత న్యాయస్థానం కింది కోర్టు తీర్పులో కొంత భాగాన్ని రద్దుచేసి మళ్లీ విచారించమంది. ఫేస్‌బుక్‌లో అనుసరించే వారందరినీ ఒక్క నొక్కుతో వదిలించుకునే సాధనాన్ని తయారుచేసినతనికి ఆ కంపెనీ 2021లో లాయర్ నోటీసు పంపి ఖాతాను శాశ్వతంగా మూసేసింది. అలాంటి సాధనాన్ని మళ్లీ చేయడానికి ముందే రక్షణ కోరుతూ ఒక ఆచార్యుడు 2024లో అమెరికాలో దావా వేస్తే, అసలు సాధనమే ఇంకా లేదు కదా అని కోర్టు కొట్టేసింది. కాబట్టి సైటు నిబంధనలను ఉల్లంఘిస్తే జైలుకు పోకపోవచ్చు, ఖాతా మాత్రం పోవచ్చు. క్లియరింగ్ ఏజెంటుకు ఆ ఖాతా పోవడమంటే ఏమిటో నాకన్నా మీకే బాగా తెలుసు.

రుషికొండ_కాపలా

నల్లకోటు గారికి ధన్యవాదాలు. గుమాస్తా గారూ, నాదొక సూటి ప్రశ్న. ఈ ఏడాదిలో మీ స్క్రిప్టు ఒక్కసారి కూడా తప్పు చేయలేదా?

రేవు_గుమాస్తా

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను.

చేసింది. వర్షాకాలంలో ఒక సోమవారం సైటు వాళ్లు ఫారం తీరు మార్చారు. అంతకుముందు అయిదో గడి మొత్తం బరువు, ఆరో గడి ఖాళీ కంటైనర్ బరువు. మార్చిన తరువాత అవి రెండూ స్థలాలు మార్చుకున్నాయి. నా స్క్రిప్టు గడిని పేరుతో కాక వరుస సంఖ్యతో పట్టుకునేది. ఆ రోజు తొమ్మిది కంటైనర్లకు మొత్తం బరువు ఉండవలసిన చోట రెండు టన్నుల పైచిలుకు ఖాళీ బరువు పడింది. నేను చూసుకునే సబ్మిట్ నొక్కుతానని మొదట రాశాను. ఆ మాట అబద్ధం కాదు గానీ, నెలల తరబడి సరిగా నిండుతున్న ఫారాన్ని మనిషి ఎలా చూస్తాడో మీకు తెలుసు. కళ్లు అటు ఉంటాయి, అంతే. పదో కంటైనర్ దగ్గర ఎందుకో అనుమానం వచ్చి ఆగాను. తొమ్మిదింటినీ వెనక్కి తెరిచి సరిచేసి, ఎవరికీ చెప్పలేదు.

తూకం వేసి ధ్రువీకరించిన మొత్తం బరువు లేనిదే కంటైనర్‌ను ఓడ ఎక్కించకూడదన్న అంతర్జాతీయ నిబంధన 2016 జులై 1 నుంచి అమల్లో ఉంది. ఏ పెట్టె కింద పెట్టాలో, ఏది పైన పెట్టాలో ఆ అంకెను చూసే నిర్ణయిస్తారు. నేను చేసిన తప్పు దొరక్కపోయి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవడం ఇష్టం లేక ఇన్నాళ్లూ ఆ రోజు గురించి మాట్లాడలేదు.

కంచరపాలెం_లెక్కలమాస్టారు

తప్పు జరిగినందుకు కాదు గానీ, చెప్పనందుకు నిన్ను మందలిస్తున్నాను తమ్ముడూ. స్క్రిప్టును నేను సమర్థించింది అది తప్పులు పట్టుకుంటుందని. తప్పులు దాచడానికి పనికొచ్చేదైతే నా సమర్థన వెనక్కి తీసుకోవలసి వస్తుంది.

ఇక పనితనం మాట. గడిని ఎన్నడూ వరుస సంఖ్యతో పట్టుకోకూడదు. గడి పక్కనున్న శీర్షికను చదివించు; "మొత్తం బరువు" అన్న మాటలు అక్షరం పొల్లుపోకుండా కనిపిస్తేనే ఆ అంకె వేయించు; పదకొండు శీర్షికల్లో ఒక్కటి తేడాగా ఉన్నా ఏ గడినీ ముట్టకుండా ఆగిపోమను. ఖాళీ బరువు కన్నా మొత్తం బరువు తక్కువైతే ఎర్రగా చూపించమను. ఇంకొకటి: విలువను గడిలో పెట్టి ఊరుకుంటే చాలా సైట్లలో అది తెర మీద కనిపిస్తుంది గానీ పేజీ లోపలి లెక్కలోకి చేరదు. మనిషి కొట్టినప్పుడు వచ్చే ఇన్‌పుట్ అనే సంకేతాన్ని స్క్రిప్టు కూడా పంపాలి. కొత్తగా రాసేవారు పడే గుంట ఇదే, నేనూ పడ్డాను.

రుషికొండ_కాపలా

చెప్పినందుకు గుమాస్తా గారిని గౌరవిస్తున్నాను. నేను చదవదలచుకున్న లాగ్ అదే.

నేను కాస్త దిగివస్తాను. నా కింద పనిచేసే మనిషి నాకు ఈ స్క్రిప్టు తెచ్చి చూపిస్తే నేను అడిగేవి ఇవి: అది ఏ ఒక్క సైటు మీద నడుస్తుంది, బయటికి ఏదైనా పంపుతుందా, దానంతట అది సబ్మిట్ నొక్కుతుందా, రాసినవారు కాక మరొకరు ప్రతి వరుసా చదివారా. నలభై వరుసలైతే టీ తాగేలోపు చదవవచ్చు. బుక్‌మార్క్‌లెట్ కనుక నొక్కినప్పుడే నడుస్తుంది. అది దానికున్న మంచి గుణం. టాంపర్‌మంకీ అనే ఎక్స్‌టెన్షన్‌లాగా ప్రతి పేజీలోనూ ముందే కూర్చుని ఉండేవాటికి మాత్రం నా కార్యాలయంలో ఇప్పటికీ చోటు లేదు. ఇటీవలి క్రోమ్‌లో వాటికి యూజర్ స్క్రిప్టుల అనుమతి అనే మీటను విడిగా వేయవలసి వస్తోందంటే, బ్రౌజర్ వాళ్లు కూడా నాలాగే ఆలోచిస్తున్నట్టు లెక్క.

ఎంవీపీ_కిటికీ

తెలుగు వికీపీడియా చూడండి. అక్కడ ఖాతా ఉన్న ప్రతి ఒక్కరికీ సొంత జావాస్క్రిప్టు పేజీ ఇస్తారు; అందులో రాసుకున్నది వారికి మాత్రమే నడుస్తుంది. అందరికీ నడిచే స్క్రిప్టును, ఇతరుల స్క్రిప్టు పేజీలను మార్చే హక్కును మాత్రం 2018 నుంచి మామూలు నిర్వాహకుల దగ్గర కూడా ఉంచకుండా విడిగా కొద్దిమందికే ఇచ్చారు. నీ గదిలో నీ ఇష్టం, నడవలో మాత్రం నలుగురి సమ్మతి కావాలి. ఆ పద్ధతి కార్యాలయాలకు ఎందుకు పనికిరాదో నాకు అర్థం కాదు.

రుషికొండ_కాపలా

కార్యాలయంలో ఉన్నవన్నీ నడవలే, అమ్మా. ఎవరికీ సొంత గది ఉండదు.

గోదావరి_బెర్తు

ఆ మాట మీదే నేనూ కాపలా గారి పక్షం. అయితే నాకు ఇంకో సందేహం మిగిలింది. మూడున్నర గంటల పనిని గంటంపావులో చేసే గుమాస్తా ఉన్నాడని తెలిశాక, యజమాని రేపు రెండో గుమాస్తాను ఉంచుతాడా?

రేవు_గుమాస్తా

బెర్తు గారి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మా రెండో గుమాస్తా కూడా నిన్న అదే అడిగాడు.

మిగతా సంగతులు చెబుతాను. శుక్రవారం స్క్రిప్టును కాగితం మీద ప్రింటు తీసి మా సిస్టమ్స్ ఆయన బల్ల మీద పెట్టాను, వర్షాకాలం నాటి తొమ్మిది కంటైనర్ల కథ కూడా చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత పెన్సిలు తీసుకుని వరుస వరుసా చదివారు. ముప్పై ఒకటో వరుస ఎందుకుందని అడిగారు. అది నేను పరీక్ష కోసం పెట్టి మరచిపోయిన వరుస, కొట్టివేశాం. సైటు వాళ్ల సహాయ కేంద్రానికి కార్యాలయం తరఫున ఉత్తరం రాయడానికీ, వాళ్లు వద్దంటే ఆ రోజే తీసివేయడానికీ ఒప్పుకున్నాను. మాస్టారు చెప్పినట్టు శీర్షికలను అక్షరం పొల్లుపోకుండా సరిచూసేలా మార్చి శనివారం రాత్రి ముగించాను.

సోమవారం ఉదయం వచ్చి బటన్ నొక్కితే ఒక్క గడి కూడా నిండలేదు. సైటు వాళ్లు తప్పనిసరి గడుల శీర్షికల పక్కన కొత్తగా ఒక నక్షత్రం గుర్తు పెట్టారు. సిస్టమ్స్ ఆయన చూడకుండా స్క్రిప్టు మార్చనని మాట ఇచ్చాను కనుకా, ఆయన ఆ రోజు సెలవులో ఉన్నారు కనుకా, నలభై మూడు కంటైనర్లనూ చేత్తోనే కొట్టాను.